వెనక చక్రాల అదురు

వ్యాను వణుకుతోందన్న సంగతి ఆమె ఆరు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద విషయమూ కాదు. బ్రేకు మీద కాలు వేయగానే పాదం కింద ఏదో గబగబా కొట్టుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ ఆ కొట్టుకోవడమూ నెమ్మదిస్తుంది. ఇంకా తగ్గితే విడివిడిగా, వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగినంత ఎడంగా వస్తుంది. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. ఆ తరువాత రాదు. వ్యాను ఆగిపోతుంది.

పరదాలు కుట్టి, తీసుకెళ్లి, జనాల కిటికీలకు తగిలించి రావడం ఆమె పని. కొలతలకు ఒకసారి, తగిలించడానికి ఒకసారి, కింద రెండు అంగుళాలు ఎక్కువైందంటే మరొకసారి. మధ్యలో కూతురిని బడి దగ్గర దింపడం, ఎక్కించుకోవడం. రోజుకు ఎంత లేదన్నా నలభై చోట్ల ఆగాలి. నలభై సార్లూ ఆ చివరి దెబ్బ దాకా పాదంతో వింటూ కూర్చోవాలి. అది కూడా ఆయన కూర్చున్న సీట్లోనే, ఆయన తల ఆనించిన కిటికీ పక్కనే.

ఏడు నెలల క్రితం ఆమె భర్త ఆ సీట్లోనే పోయాడు. కొండ మీద అతిథిగృహానికి ఇరవై రెండు కిటికీల పరదాలు తగిలించి, ఇంటిల్లిపాదీ కలిసి దిగి వస్తుంటే, మధ్యాహ్నం పూట దారి పక్కన వ్యాను ఆపి పోయాడు. ఆ సమయంలో ఆమె పక్క సీట్లోనే ఉంది. నిద్రపోతోంది.

"ఈ బండి మనకు అచ్చిరాలేదే. అమ్మేయ్," అనేది అత్తయ్య, పరదాల అంచుకు కొక్కేలు కుడుతూ.

"అమ్మితే కడ్డీలు నెత్తిన పెట్టుకుని తిరగనా అత్తయ్యా?"

"తిరుగు. నీ మెడ గట్టిదే."

అత్తయ్య ఈ మాట నెలకోసారి అనేది. అయినా ఆమె పనికి వెళ్తుంటే వెంట బయలుదేరేది, ఇంట్లో ఒంటరిగా ఉండలేక. ఎప్పుడూ మధ్య వరసలోనే, డ్రైవరు వెనకే కూర్చునేది. ముందుకు రమ్మంటే మోకాళ్లంటూ ఏదో సాకు చెప్పేది.

రాను రాను ఆమెకు బ్రేకు వేయాలంటేనే చేత కాకుండా పోయింది. ఆ చివరి రెండు దెబ్బలు వినకుండా తప్పించుకోవడానికి దారులు వెతకడం మొదలుపెట్టింది. దూరం నుంచే గేర్లు తగ్గించుకుంటూ వచ్చి, వ్యానును దానంతట అదే ఆగనిచ్చేది. అలా ఆగనిస్తూ ఆగనిస్తూ ఒక సోమవారం బడి గేటు ముందు ఒక తండ్రి సైకిలు వెనక మడ్‌గార్డును మెల్లగా వెళ్లి తాకింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సైకిలాయన వెనక్కి తిరిగి, "అమ్మా, బ్రేకు అనేది ఒకటుంటుంది," అన్నాడు. గేటు దగ్గరి పిల్లలు నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు. తల్లి కాలు ఎక్కడుందో వంగి చూసింది. కాలు బ్రేకు మీద లేదు.

ఆ రోజే ఆమె వ్యానును మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ మెకానిక్కును అందరూ నిదానం అని పిలుస్తారు. ఏ బండి తెచ్చినా ముందు ఆ మాటే అంటాడు గనక. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డు అతనిది. నేలంతా నూనె తాగి నల్లబడి ఉంటుంది, పనిముట్లు మాత్రం గోడకు వరసగా, వంటింటి గరిటెల్లా వేలాడుతుంటాయి. భర్తకు పదిహేనేళ్ల స్నేహితుడు.

"వచ్చావా అక్కా. బండే మొరాయించిందో, నువ్వే దాన్ని ఏడిపించావో," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"బ్రేకు వేస్తే వణుకుతోంది."

"నిదానం. ఎక్కడ వణుకుతోంది? చేతుల్లోనా, కూర్చున్న చోటా?"

"కాలి కింద."

"కాలు సరే, అది ఎలాగూ తెలుస్తుంది. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. ఏది?"

ఆమె ఆలోచించింది. ఆరు నెలలుగా పాదం తప్ప ఇంకేదీ పట్టించుకోలేదు.

"సీటే," అన్నది అత్తయ్య వ్యాను లోపలి నుంచి. ఇద్దరూ తిరిగి చూశారు. అత్తయ్య ఒళ్లోని పరదా మీద నుంచి తల ఎత్తలేదు. "మొదటి నుంచీ సీటే. మధ్య సీటు ఇంకా ఎక్కువ."

ఈవిడకు కూడా తెలుస్తోందన్నమాట, అనుకుంది ఆమె. ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు.

గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీదికి వెళ్లారు. ఆమె నడుపుతుంటే నిదానం పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడు నువ్వు పెడల్ ముట్టుకోకు. నెమ్మదిగా పోనీ. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, ముందువాటి జోలికి పోదు. అది లాగినప్పుడు కూడా వణికిందంటే దొంగ వెనకే ఉన్నట్టు." లివర్ చివరి బొత్తాం నొక్కి పట్టుకుని, పాలగిన్నె దింపినంత మెల్లగా దాన్ని పైకి ఎత్తాడు.

సీటు కింద నుంచి దెబ్బలు మొదలయ్యాయి. గబగబా, తరువాత నెమ్మదిగా, తరువాత విడివిడిగా.

"ఆపండి," అన్నది అత్తయ్య. "నేను దిగిపోతాను."

"అయిపోయింది పెద్దమ్మా, షెడ్డు దగ్గర దిగుదురు గాని."

"నడుచుకుంటూ వస్తాను. మీరు పొండి."

ఆవిడ నిజంగానే దిగి, ఎండలో గోదాముల గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. మోకాళ్ల మాటే ఎత్తలేదు. ఆమె అద్దంలో అత్తయ్యను చూస్తూ వ్యానును అడుగడుగునా ఆపుకుంటూ తెచ్చింది.

నిదానం జాకీ ఎత్తి వెనక చక్రాలు రెండూ విప్పాడు. చక్రం పట్టుకుని ఊపి చూసి, బేరింగు గట్టిగానే ఉందన్నాడు. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములు రెండూ ఊడదీసి లోపలి దుమ్మును తడిగుడ్డతో తుడిచాడు. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే బ్రేకు షూలు సమానంగా అరిగాయి, స్ప్రింగులు బాగున్నాయి, సిలిండరు నుంచి నూనె కారడం లేదు. ఒక్కొక్కటే చూస్తూ, బాగుంది, బాగుంది అని పక్కన పెడుతుంటే ఆమెకు ఆసుపత్రిలో కాగితాలు తిరగేసిన డాక్టరు గుర్తొచ్చాడు.

చివరికి డ్రమ్మును బోర్లించి, లోపలి వెడల్పును కొలిచాడు. కొంచెం తిప్పి మళ్లీ కొలిచాడు. రెండోదాన్నీ అలాగే.

"ఇదిగో. గుండ్రంగా లేదక్కా. కోడిగుడ్డయింది."

ఆమె వంగి చూసింది. కంటికి గుండ్రంగానే ఉంది.

"నీకు కనపడదు. వెంట్రుకవాసి తేడా. నువ్వు పరదా అంచు చూసి చెప్పవూ, వంకరగా కుట్టారని? అలాంటిదే. తిరిగినప్పుడల్లా ఒకచోట షూను తోస్తుంది, ఇంకోచోట వదులుతుంది. అదే నీ కాలికి తగిలేది."

"అరిగి అలా అయిందా?"

"అరిగితే రెండూ ఒకే తీరుగా ఎందుకవుతాయి? రెండూ సరిగ్గా షూలు ఆనుకునే వైపే సాగాయి. కాలిపోయేంత వేడి మీదున్నప్పుడు ఎవరో హ్యాండ్ బ్రేకు బలమంతా పెట్టి లాగి, చల్లారేదాకా అలాగే వదిలేశారు. వేడి మీద ఇనుము మాట వింటుంది. చల్లారాక ఇక వినదు." ఉత్సాహంగా చెప్పుకుంటూ పోతున్నాడు. "నేను ఆ కొండ మీది నుంచి బండి తెచ్చినప్పుడే అనుకున్నాను. హ్యాండ్ బ్రేకు లివర్ కింది పళ్లలో ఆఖరి పన్ను దాకా లాగి ఉంది. విడిపించేసరికి నా మణికట్టు..."

అక్కడ ఆగిపోయాడు. గుడ్డ తీసుకుని తుడిచిన డ్రమ్మునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"ఆయన అలా చెయ్యరు," అన్నది ఆమె.

"చెయ్యడు. నాకు పాఠం చెప్పేవాడు. కొండ దిగిన బండికి గంటసేపు హ్యాండ్ బ్రేకు జోలికి పోకూడదు, గేర్లో వదిలెయ్యాలి అని. నాకే చెప్పేవాడు, నాకు." నవ్వబోయి మానేశాడు. "కొత్త డ్రమ్ములు వేద్దాం. వీటినే లేతు మీద గుండ్రంగా కోయిస్తే మరీ పల్చబడతాయి. రేపు ఈపాటికి రా."

షెడ్డు బయట బల్ల మీద అత్తయ్య కూర్చుని ఉంది. పరదా ఒళ్లో ఉంది. సూది కదలడం లేదు.

ఆ రాత్రంతా ఆమెకు ఆ లివరే కళ్ల ముందు. ఒక్క నిమిషంలో అయిపోయి ఉంటుందమ్మా, ఆయనకు తెలిసే వ్యవధి కూడా ఉండదు అన్నాడు డాక్టరు. ఏడు నెలలుగా ఆ మాట పట్టుకునే తింటోంది, కుడుతోంది, నడుపుతోంది. నిద్రొస్తే బండి పక్కకు తీసి ఆపుకున్నాడని, ఆ నిద్రలోనే జారిపోయాడని నమ్మింది. కానీ ఆఖరి పన్ను దాకా లాగిన మనిషికి వ్యవధి ఉంది. బండిని పక్కకు తీసే వ్యవధి, ఇంజను ఆపే వ్యవధి, పదిహేనేళ్లు పాటించిన నియమాన్ని పక్కన పెట్టే వ్యవధి. లివరుకూ ఆమె భుజానికీ మధ్య జానెడు దూరం. ఆ చెయ్యి ఆమెను తట్టిందా? పిలిచాడా? రెండు రాత్రులు ఇరవై రెండు కిటికీలకు కుట్టి, మూడో మలుపు దాటకముందే మొద్దులా పడి నిద్రపోయిన తనకు వినపడలేదా?

ఇంకొకటి ఉంది, ఆమె ఎవరికీ చెప్పనిది. మెలకువ వచ్చేసరికి వ్యాను ఆగి ఉంది. ఆయన తల కిటికీకి ఆనించి ఉన్నాడు. పాపం, నిద్రొచ్చి పక్కకు తీసినట్టున్నాడు అనుకుంది. చప్పుడు కాకుండా తనవైపు అద్దం దించి గాలి రానిచ్చింది. పది నిమిషాలో, ఇంకా ఎక్కువో, ఎదురుగా లోయలోకి చూస్తూ కూర్చుంది. చాలా రోజులకు దొరికిన తీరిక అనుకుని కూర్చుంది.

మర్నాడు వెళ్లేసరికి చక్రాలు బిగించి సిద్ధంగా ఉంచాడు నిదానం. "కొత్త డ్రమ్ము, కొత్త షూ. కొత్త కాపురం లాంటిది. ఒకదానికొకటి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద ఇరవై సార్లు మెల్లగా ఆపు. మధ్యమధ్య కాస్త పోనిచ్చి చల్లారనివ్వు. అయ్యాక అరగంట హ్యాండ్ బ్రేకు ముట్టుకోకు, గేర్లో వదిలి కూర్చో. నిదానంగా."

"నేనూ వస్తాను," అన్నది అత్తయ్య. ఎవరూ అడగకుండానే వెళ్లి ముందు సీట్లో కూర్చుని, బెల్టు ఎక్కడుందో వెతుక్కుంది.

గోదాముల వెనక మొదటిసారి ఆపింది. పాదం కింద ఏమీ లేదు. మెట్టు దిగబోతే అక్కడ మెట్టు లేనట్టు, కాలు ఒక్కసారి తడబడింది. వ్యాను ఆగింది, అంతే.

"ఒకటి," అన్నది అత్తయ్య.

రెండు, మూడు, నాలుగు. అత్తయ్య బడిపిల్లలా పైకే లెక్కపెడుతోంది. ఆరోసారి ఆగాక లెక్క చెప్పలేదు.

"ఆ లివర్ వాడు లాగలేదే."

ఆమె అత్తయ్య వైపు తిరిగింది.

"నేను లాగాను."

వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టింది. ఆమె వ్యానును పక్కకు పోనిచ్చి, లారీ వెళ్లాక మళ్లీ వేగం అందుకుని, మెల్లగా ఆపింది.

"ఏడు. వాడే బండి పక్కకు తీశాడు. అమ్మా అన్నాడు. ఏరా అన్నాను. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, ఇక్కడ వాలుగా ఉంది, ఆ లివర్ కాస్త పైకి లాగు అన్నాడు. నాకేం తెలుసు, ఎంత లాగాలో. మీ ఇద్దరి మధ్యలోంచి వంగి, రెండు చేతులతో పట్టుకుని, నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. బండి జారిపోతే ఎలా, వెనక పిల్ల నిద్రపోతోందని."

"నన్నెందుకు లేపలేదు?"

"పోనీ బండి. ఆగితే చెప్పలేను."

ఆమె పోనిచ్చింది. ఎనిమిదోసారి ఆపాల్సిన చోట ఆపలేదు. రోడ్డు చివర తిరిగి వచ్చింది.

"లేపబోయాను. చెయ్యి నీ భుజం దాకా వచ్చింది. వాడే వద్దన్నాడు. దాన్ని లేపకమ్మా, రెండు రోజులుగా కన్ను మూయలేదు, ఐదు నిమిషాలు ఇలా ఉంటే సర్దుకుంటుంది అన్నాడు. చెమటలు పడుతున్నాయి. నా తువ్వాలుతో తుడిచాను. వాడి భుజం మీద చెయ్యి వేసుకుని వెనక కూర్చున్నాను. నిద్రపోయాడనుకున్నాను." అత్తయ్య అద్దంలోంచి బయటికే చూస్తోంది. "నిన్ను లేపి ఉంటే నువ్వు నడిపేదానివి. కింద ఆసుపత్రి ఎంత దూరం? నాలుగు మలుపులు. నేను కూడా నిద్రలోనే ఉన్నానని ఆ సాయంత్రం అందరూ అన్నారు. అవునన్నాను. ఒకసారి అన్నాక ఎలా వెనక్కి తీసుకోను?"

ఆమె ఈసారి బ్రేకు గట్టిగానే వేసింది. వెనక ఉన్న కడ్డీలు ముందుకు దొర్లి సీటుకు కొట్టుకున్నాయి.

"నన్ను పిలవలేదన్నమాట."

"లేదు."

"పేరు పెట్టి కూడా పిలవలేదు."

"లేదమ్మా."

పిలిస్తే వినపడలేదేమో అని ఒక రాత్రంతా కుమిలింది. అసలు పిలుపే లేదు. వినపడని పిలుపైతే జీవితమంతా చెవులు రిక్కించుకుని వెతుక్కునేది. ఇప్పుడు వెతకడానికీ ఏమీ మిగల్లేదు. ఆమెకు అత్తయ్య మీద కోపం వచ్చింది, దిగి నడుచుకుంటూ పొమ్మనాలన్నంత. ఆయన మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. నా నిద్ర అంత ముఖ్యమని ఎవరు చెప్పారు నీకు, అని అడగాలనిపించింది. అడగడానికి ఎదురుగా స్టీరింగు తప్ప ఏమీ లేదు.

స్టీరింగునే చూస్తూ అంది. "నేనూ లేపలేదత్తయ్యా. లేచి చూశాను. నిద్రపోతున్నారనుకుని..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"కళ్లు మూసుకున్నానే గాని నిద్రపోలేదు. నువ్వు అద్దం దించడం విన్నాను. సరే, భార్య చూసింది, ఏమీ అనలేదు, బాగానే ఉన్నాడన్నమాట అనుకున్నాను. నిన్ను చూసి నేను ధైర్యంగా ఉన్నాను."

ఎదురుగా ఒక కుక్క రోడ్డు దాటి, గోదాము నీడలో పడుకుంది.

"ఈ మాట ఇన్నాళ్లూ దాచారు."

"చెబితే నీకేం మిగులుతుంది?"

ఆమె గేరు వేసింది. పని సగంలో ఉంది, సగంలో వదిలితే డ్రమ్ములు పాడవుతాయి. తొమ్మిది, పది, పదకొండు. కాసేపటికి అత్తయ్య మళ్లీ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆపినప్పుడల్లా ఆమె పాదం ఆ చివరి రెండు దెబ్బల కోసం ఆగి చూస్తూనే ఉంది. అవి రాలేదు. రాకపోవడం కూడా లెక్కపెట్టుకోగలిగినంత స్పష్టంగా ఉంది.

"ఇరవై."

చదునుగా ఉన్న చోట చూసి, గేర్లో వదిలి ఇంజను ఆపింది. కొత్త షూలు వేడెక్కిన వాసన లోపలికి వచ్చింది. అరగంట కూర్చోవాలి. బడి వదలడానికి ఇంకా గంట ఉంది.

"పిల్లకు నేను చెబుతాను," అన్నది అత్తయ్య. "నువ్వు మధ్యలో మాట్లాడకు."

"మీరు చెప్పలేకపోతే?"

"అప్పుడు మాట్లాడు."

అత్తయ్య సీటుకు తల వాల్చి కళ్లు మూసుకుంది. ఎండ ఆవిడ ముఖం మీద సగం పడింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఛాతీ కదులుతోందో లేదో ఆవిడ ఎప్పుడూ కప్పుకునే మందపాటి శాలువాలోంచి తెలియడం లేదు. ఆమె చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం. ఇంకొక నిమిషం. ఆ తరువాత చెయ్యి చాచి, ఆవిడ భుజం పట్టుకుని గట్టిగా కుదిపింది.

అత్తయ్య ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. "ఏమైందే?"

"ఏం కాలేదు. లేపాను."

"నేను నిద్రపోలేదు."

"తెలుసు."

అత్తయ్య ఆమె వంక చూసింది, తిట్టబోయేదానిలా. తిట్టలేదు. శాలువా సర్దుకుని, మళ్లీ తల వాల్చి కళ్లు మూసుకుంది. ఆమె కాసేపు ఆగి, మళ్లీ లేపింది.